‘ఇప్పుడేం చేస్తావ్?’ అని అడిగే ఆట

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనగానే మనలో చాలామందికి స్ట్రేంజర్ థింగ్స్ మొదటి ఎపిసోడ్ గుర్తొస్తుంది. బేస్‌మెంట్‌లో బల్ల చుట్టూ నలుగురు పిల్లలు. ఒకడు గొంతు మార్చి కథ చెప్తుంటాడు, మిగతా ముగ్గురూ అరుచుకుంటుంటారు, పాచిక దొర్లి కింద పడిపోతుంది. ఆ సీన్ చూసినవాళ్ళు హాస్టల్లో నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ‘ఇందులో బోర్డు ఏది? గెలిచేది ఎవరు? ఇంతసేపు కూర్చుని మాట్లాడుకుంటే అది ఆటెలా అవుతుంది?’

నేను ఆరో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా ఈ ఆట ఆడాను. తర్వాత ఐదేళ్ళు పాచిక ముట్టుకోలేదు. 2025 వేసవి సెలవుల్లో అదే ఐదుగురం మళ్ళీ మొదలుపెట్టాం. వదిలేసిన ఆట దగ్గరికి తిరిగొస్తే రూల్స్ ఎంత మారాయి, ఎందుకు మారాయి, ఏది అస్సలు మారలేదు అన్నది ఈ వ్యాసం. ఆట తెలియనివాళ్ళ కోసం ముందు మొదటి నుంచి చెప్తాను.

బోర్డు లేదు, గెలుపు లేదు

పాతాళభైరవి సినిమా మీరు చూసే ఉంటారు. 1951లో కె.వి. రెడ్డి గారు తీసింది. తోట రాముడు, అంజి, నేపాళ మాంత్రికుడు. ఆ సినిమాలో రాముడు ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉంది. ఎన్టీఆర్ అయినా దాన్ని మార్చలేరు.

ఇప్పుడు అదే కథని ఇలా ఊహించుకోండి. తోట రాముడు మీరు. అంజి మీ ఫ్రెండ్. మిగిలినదంతా, అంటే మాంత్రికుడు, రాజుగారు, కాపలావాళ్ళు, గుహ, గుహలో చీకటి, అన్నీ ఇంకో ఫ్రెండ్ చేతిలో ఉంటాయి. ఆ ఫ్రెండ్‌ని డంజన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. ఆట ఇలా నడుస్తుంది:

డీఎం: మాంత్రికుడు నిన్ను కోనేట్లో స్నానం చేసి రమ్మంటున్నాడు. ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. ఇప్పుడేం చేస్తావ్?

రాముడు: చెప్పు తెగినట్టు నటించి కిందకి ఒంగుతా. ఆ చేతిలో ఏముందో ఓరకంట చూస్తా.

డీఎం: బాగుంది. పాచిక వెయ్యి.

ఇక్కడ వేసేది 20 ముఖాల పాచిక, డీ20. ఆ పని ఎంత కష్టమో డీఎం మనసులో ఒక అంకె అనుకుంటాడు. తేలికైన పనికి 10, మధ్యరకానికి 15, కష్టమైనదానికి 20. మీకు 13 పడింది, మీ పాత్రకి చూపు చురుకు కాబట్టి ఇంకో 2 కలిసింది, మొత్తం 15. కత్తి కనబడింది! 8 పడి ఉంటే ఏమీ కనబడేది కాదు, మీరు హాయిగా కోనేట్లోకి దిగేవాళ్ళు. రెండు దారుల్లోనూ కథ ముందుకే వెళ్తుంది, కానీ వేరే వేరే చోట్లకి.

ఆట మొత్తం ఈ మూడు మెట్లే. డీఎం చుట్టూ ఏముందో చెప్తాడు. ఆడేవాళ్ళు ఏం చేస్తారో చెప్తారు. ఫలితం అనుమానంగా ఉంటే పాచిక తేలుస్తుంది, ఏం జరిగిందో డీఎం చెప్తాడు. మళ్ళీ మొదటికి. మన భాషలో చెప్పాలంటే ఇదొక వైల్ లూప్. బయటికొచ్చే కండిషన్ మాత్రం ఎవరూ రాయలేదు.

ప్రతి పాత్రకీ ఆరు గుణాలు ఉంటాయి: స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిస్మా. మామూలు మనిషికి ఇవన్నీ 10 అటూఇటూ ఉంటాయి. గుణంలోంచి 10 తీసేసి, రెండుతో భాగించి, కింది అంకెకి దించితే వచ్చేదే పాచికకి కలిపే బోనస్. 15 ఉంటే ప్లస్ 2, 9 ఉంటే మైనస్ 1. సరదాగా కోడ్ రాయాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పైథాన్‌లో డబుల్ స్లాష్‌తో భాగిస్తే 9కి సరిగ్గా మైనస్ 1 వస్తుంది. సీలో మామూలు ఇంటిజర్ డివిజన్ వాడితే సున్నా వస్తుంది, మీ బలహీనుడు ఉన్నట్టుండి మామూలు మనిషి అయిపోతాడు.

20 ముఖాలది కాక 4, 6, 8, 10, 12 ముఖాల పాచికలు కూడా ఉంటాయి. చాకుతో పొడిస్తే 4 ముఖాలది, పెద్ద గొడ్డలితో నరికితే 12 ముఖాలది. దెబ్బ ఎంత తగిలిందో అవి చెప్తాయి.

ఒక చిన్న ఊళ్ళో పుట్టి

ఈ ఆట 1974లో అమెరికాలో వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్న్‌సన్ అనే ఇద్దరు తయారుచేశారు. గైగాక్స్ పెట్టిన కంపెనీ పేరు టీఎస్ఆర్. ఒక చెక్క రంగు పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు. మొదటి ముద్రణ 1000 పెట్టెలే, వాటిని కూడా చేత్తో సర్ది అమ్మారు.

అంతకుముందు అక్కడ వార్‌గేమ్స్ ఉండేవి. బల్ల మీద సీసపు సైనికుల బొమ్మలు పెట్టి, పాత యుద్ధాలు మళ్ళీ ఆడటం. గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో చెయిన్‌మెయిల్ అని మధ్యయుగ యుద్ధాల రూల్స్ తెచ్చారు. దాని చివర్లో డ్రాగన్లు, మాంత్రికులు ఉన్న ఒక అనుబంధం కూడా చేర్చారు. మరోపక్క మినియాపోలిస్ దగ్గర ఆర్న్‌సన్ ‘బ్లాక్‌మూర్’ అనే తన లోకాన్ని నడిపేవాడు. అక్కడ ఒక్కో ఆటగాడు సైన్యాన్ని కాదు, ఒక్క మనిషిని నడుపుతాడు. ఆ మనిషి ఈ వారం బతికితే వచ్చే వారం కూడా ఉంటాడు, ఇంకొంచెం బలంగా. సైన్యాన్ని వదిలి ఒక్క మనిషి దగ్గరికి రావడమే ఈ ఆటని వార్‌గేమ్స్ నుంచి వేరు చేసింది. వెయ్యిమంది సైనికుల్ని నడిపేవాడిని ‘నీకు భయమేసిందా?’ అని ఎవరూ అడగరు. ఒక్కడినైతే అడగొచ్చు.

మన బ్రాంచ్‌కి దీంతో నేరుగా చుట్టరికం ఉంది. 1970ల మధ్యలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ పీడీపీ-10 కంప్యూటర్ మీద ఫోర్‌ట్రాన్‌లో కొలొసల్ కేవ్ అడ్వెంచర్ రాశాడు. ఆయన కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగినవాడు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినవాడు. ఆ రెండూ కలిపితే వచ్చిందే ఆ ప్రోగ్రాం. ‘గుహలో ఉన్నావు, ఏం చేస్తావో టైప్ చెయ్యి’ అనే అడ్వెంచర్ గేమ్స్ వరస దానితో మొదలైంది. ఇప్పుడు మనం ఫోన్లో ఆడే ఏ గేమ్‌లో అయినా లెవెల్, ఎక్స్‌పీ, హెచ్‌పీ కనిపిస్తే, వాటిని అంతగా వ్యాపింపజేసింది ఈ పెట్టెలోని ఆటే.

1980ల్లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, కొన్ని మత సంఘాలు ఈ ఆట ఆడితే పిల్లలు సైతాను పూజలకి అలవాటు పడతారని గోల చేశారు. 1982లో టామ్ హాంక్స్‌తో ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ అని, ఇలాంటి ఆట వల్ల మతి చలించే కుర్రాడి మీద టీవీ సినిమా కూడా వచ్చింది. మా ఇళ్ళల్లో సైతాను భయం ఎవరికీ లేదు. మా అమ్మావాళ్ళ భయం మ్యాథ్స్ మార్కులు.

మా ఆట ఆగిన చోటు

మా పెద్దమ్మగారి అబ్బాయి న్యూజెర్సీ నుంచి వస్తూ 2014 నాటి స్టార్టర్ సెట్ తెచ్చాడు. అందులో ఆరు పాచికలు, 32 పేజీల రూల్స్ పుస్తకం, తయారుగా ఉన్న ఐదు పాత్రలు, ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’ అనే 64 పేజీల కథ. ఆ పెట్టెతో ఈ ఆట నేర్చుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్ళందరికీ ఒక ఉమ్మడి జ్ఞాపకం ఉంటుంది: బండి తోలుకుంటూ వెళ్తుంటే దారికి అడ్డంగా చచ్చిపడి ఉన్న రెండు గుర్రాలు, పొదల్లో గాబ్లిన్లు. కెనడాలో అన్నా, కూకట్‌పల్లిలో అన్నా ఆ గుర్రాలు అవే.

మాది హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. లిఫ్ట్ పక్కన మెట్ల మీద ఆడేవాళ్ళం. ఒకడు డీఎం. మిగతా నలుగురం పాత్రలు. వాళ్ళ అసలు పేర్లు ఇక్కడ అనవసరం, పాత్రల పేర్లతోనే చెప్తాను. నేను విజర్డ్, అంటే మంత్రగాడిని. ఒకడు ఫైటర్, కత్తి పట్టినవాడు. ఒకడు రోగ్, తాళాలు తీసే దొంగ. ఒకమ్మాయి క్లెరిక్, గాయాలు మాన్పే పూజారి. మూడేళ్ళలో మేము చాలా దూరం వచ్చాం. 2020 మార్చిలో థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్ళో ఒక బురుజు తలుపు తోశాం. లోపల ఆకుపచ్చ డ్రాగన్ వెనామ్‌ఫాంగ్. డీఎం ‘ఇప్పుడేం చేస్తారు?’ అన్నాడు. భోజనానికి రమ్మని పైనుంచి పిలుపొచ్చింది. రేపు చెప్తాం అన్నాం.

ఆ వారమే లాక్‌డౌన్. తర్వాత తొమ్మిదో క్లాసు, ఫౌండేషన్ క్లాసులు. తర్వాత టెన్త్. తర్వాత ఇంటర్, ఇద్దరు రెసిడెన్షియల్‌కి వెళ్ళారు, ఆదివారం పది నిమిషాలు ఫోన్. ఇందులో కొత్తేమీ లేదు, మీ అందరిదీ ఇదే కథ. ఎంట్రన్స్ ఫలితాలు వచ్చాక మాలో ఫైటర్‌కి అనుకున్న ర్యాంక్ రాలేదు. లాంగ్‌టర్మ్‌కి వెళ్ళాడు. వాట్సాప్ గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు. పండక్కి ఇంటికొచ్చినా కిందకి దిగేవాడు కాదు. దిగితే లిఫ్ట్ దగ్గర ఎవరో ఒక అంకుల్ ‘ఎంత వచ్చింది?’ అంటారు కదా.

పోయిన వేసవిలో మా డీఎం అటక మీద ఆ పెట్టె దొరికిందని ఫోటో పెట్టాడు. ఫైటర్‌కి విడిగా పంపాడు. ఫోటో కింద రెండే మాటలు రాశాడు: ‘డ్రాగన్ వెయిటింగ్.’ మర్నాడు సాయంత్రం ఐదుగురం మెట్ల మీద ఉన్నాం.

తిరిగొచ్చేసరికి మారిపోయిన రూల్స్

మధ్యలో వదిలేసి తిరిగొచ్చేవాళ్ళు ఈ ఆటకి కొత్త కాదు. అమెరికాలో 1980ల్లో ఆడి, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అంటూ వదిలేసి, నడివయసులో మళ్ళీ పాచికలు వెతుక్కున్నవాళ్ళు ఎంతోమంది. అలా వచ్చిన ప్రతివాళ్ళకీ ఎదురయ్యే మొదటి గోడ ఎడిషన్. మనకి పైథాన్ 2, పైథాన్ 3 ఎలాగో వాళ్ళకి ఎడిషన్లు అలాగ.

ఒక ఉదాహరణ. 1989 నాటి రెండో ఎడిషన్‌లో కవచం అంకె ఎంత తక్కువైతే అంత గట్టిది. కవచం లేనివాడికి 10, నిండు ఇనుప కవచం, డాలు ఉన్నవాడికి 2. మీ దెబ్బ తగలాలంటే ‘థాకో’ అనే మీ అంకెలోంచి శత్రువు కవచం అంకె తీసేయాలి. థాకో 17, శత్రువు కవచం 4 అయితే 13 పడాలి. శత్రువు కవచం మైనస్‌లోకి వెళ్తే తీసివేత కూడిక అవుతుంది. లెక్క కష్టం కాదు, కానీ రాత్రి పదకొండింటికి, ఐదుగురు అరుస్తుంటే కష్టమే. 1997లో టీఎస్ఆర్‌ని విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొనేసింది. వాళ్ళు 2000లో తెచ్చిన మూడో ఎడిషన్‌లో దీన్ని తిరగేశారు: కవచం అంకె పెరిగితే గట్టిది, పాచికకి బోనస్ కలిపి ఆ అంకెకి చేరినా, దాటినా తగిలినట్టు. ఇప్పటి రూల్స్‌లో అదే ఇనుప కవచం, డాలు కలిపితే 20.

2008లో నాలుగో ఎడిషన్ వచ్చింది. పాతది నచ్చినవాళ్ళు చాలామంది దాన్ని వదిలేసి, 2009లో పైజో కంపెనీ తెచ్చిన పాత్‌ఫైండర్‌కి వెళ్ళారు. 2014లో ఐదోది. 2024లో దాన్నే సవరించి కొత్త పుస్తకాలు వేశారు. మా అటక మీద ఉన్నది 2014ది, బయట అమ్ముతున్నది 2024ది.

తేడాలన్నీ రాస్తే మీకు నిద్రొస్తుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. 2014లో మీరు డ్వార్ఫ్‌గా పుడితే కాన్‌స్టిట్యూషన్ ఎక్కువ, ఎల్ఫ్‌గా పుడితే డెక్స్‌టెరిటీ ఎక్కువ. గుణాల బోనస్ పుట్టుకని బట్టి వచ్చేది. దాన్ని ‘రేస్’ అనేవాళ్ళు. 2024లో ఆ మాట తీసేసి ‘స్పీషీస్’ అన్నారు. గుణాల బోనస్‌ని పుట్టుక నుంచి విడదీసి ‘బ్యాక్‌గ్రౌండ్’కి, అంటే సాహసాలకి బయల్దేరే ముందు మీరు ఏం పని చేసి బతికారు అన్నదానికి ఇచ్చారు. పొలం పని చేశారా, గుళ్ళో పెరిగారా, సిపాయిగా ఉన్నారా? ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ మా మెట్ల మీద గంట వాదన నడిచింది. ‘డ్వార్ఫ్ అంటేనే గట్టివాడు కదరా’ అన్నాడు రోగ్. ‘ఏ కులంలో పుడితే ఆ పనే వస్తుందన్నట్టుంది నువ్వనేది’ అంది క్లెరిక్. కొత్త రూల్ ఉంచాం.

ఇంకో మార్పు స్టూడెంట్స్‌గా మనకి పనికొచ్చేది. 2023 జనవరిలో కంపెనీ తన ఓపెన్ లైసెన్స్‌ని బిగించబోతోందని బయటపడి, ఆడేవాళ్ళు పెద్ద ఎత్తున ఎదురు తిరిగారు. అదే నెలలో కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. 2025లో కొత్త రూల్స్ పత్రం కూడా అలాగే వచ్చింది. అంటే ఆడటానికి కావలసిన ముఖ్యమైన రూల్స్ చట్టబద్ధంగా ఉచితం. మూలం పేరు చెప్తే చాలు, మీరు తెలుగులోకి తెచ్చుకోవచ్చు, యాప్ చేసుకోవచ్చు. సెమిస్టర్ ప్రాజెక్ట్ కోసం మళ్ళీ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చేయబోయేవాళ్ళు ఒకసారి ఆలోచించండి.

రెండు పాచికల లెక్క

ఐదో ఎడిషన్‌లో నాకు బాగా నచ్చిన రూల్ అడ్వాంటేజ్. పరిస్థితి మీకు అనుకూలంగా ఉంటే డీ20 ఒకటి కాదు, రెండు వేసి ఎక్కువ పడినది తీసుకుంటారు. ప్రతికూలంగా ఉంటే, అంటే డిసడ్వాంటేజ్ అయితే, రెండు వేసి తక్కువది తీసుకుంటారు. పాత ఎడిషన్లలో ‘చీకటికి మైనస్ 2, ఎత్తుకి ప్లస్ 1’ అంటూ చిల్లర లెక్కలు ఉండేవి. చాలాచోట్ల వాటిని తీసేసి ఇది పెట్టారు.

ప్రాబబిలిటీ క్లాసులో నిద్రపోయినవాళ్ళ కోసం ఒక లెక్క. మీకు 15 లేదా అంతకంటే ఎక్కువ పడాలి. ఒక పాచికతో అవకాశం 20లో 6, అంటే 30 శాతం. అడ్వాంటేజ్‌తో ఓడిపోవాలంటే రెండు పాచికలూ తప్పాలి: 0.7 ఇంటూ 0.7, 49 శాతం. కాబట్టి గెలుపు 51 శాతం. డిసడ్వాంటేజ్‌తో గెలవాలంటే రెండూ పడాలి: 0.3 ఇంటూ 0.3, 9 శాతం. ఒక్క మాట తేడాతో 51 నుంచి 9కి. సగటున చూస్తే ఒక పాచికకి 10.5, అడ్వాంటేజ్‌తో 13.825. అంటే సుమారు 3.3 కలిసినట్టు. కానీ అన్నిచోట్లా ఒకేలా కలవదు. 11 పడితే చాలు అనే మధ్య స్థాయిలో 50 శాతం కాస్తా 75 అవుతుంది, ఐదు పాయింట్లు కలిసినంత లాభం. 20 పడాల్సిందే అన్నప్పుడు 5 శాతం 9.75 అవుతుంది, లాభం ఒక్క పాయింటంత కూడా లేదు. అసాధ్యమైన పనికి అనుకూలత పెద్దగా పనికిరాదు, అటూఇటూ ఊగుతున్న పనికి బాగా పనికొస్తుంది.

ఈ 9 శాతాన్ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది.

తెలుగులో ఆడితే

చిన్నప్పుడు మేము ఈ ఆట ఇంగ్లీషులోనే ఆడాం. మాది ఇంగ్లీష్ మీడియం, పుస్తకం ఇంగ్లీషు, స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్. ఈసారి క్లెరిక్ ఒక షరతు పెట్టింది: రూల్స్ మాటలు ఇంగ్లీషులోనే ఉండనీ, కథ మాత్రం తెలుగులో. మొదటి అరగంట నత్తనడక. ‘రూయిన్డ్ టవర్’ని ఏమనాలో ఎవరికీ తట్టలేదు. ‘కూలిపోయిన బురుజు’ దొరికాక ఆ చోటు ఒక్కసారిగా గోల్కొండలా కనిపించింది.

కానీ అసలు విశేషం వేరే. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే. తెలుగులో ఎవరు నోరు తెరిచినా ముందు ఒకటి తేల్చుకోవాలి: నువ్వా, మీరా, ఒరేయ్‌నా? గాబ్లిన్ నాయకుడు మమ్మల్ని ‘ఏంట్రా’ అన్నాడు, నవ్వొచ్చింది. బురుజులోని డ్రాగన్ మాత్రం ‘దయచేయండి, చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు’ అంది. మా నలుగురికీ ఒళ్ళు జలదరించింది. అంత పెద్ద జంతువు అంత మర్యాదగా మాట్లాడితే అది తిట్టినదానికంటే భయం. ఇంగ్లీషు ఆటలో డీఎం ఆ తేడా తేవాలంటే గొంతు మార్చాలి. తెలుగులో క్రియ చివర మారిస్తే చాలు.

యాసల దగ్గర ఇంకో సంగతి. మా డీఎం సత్రం నడిపే తాగుబోతుకి తెలంగాణ యాస పెట్టబోయాడు. మా రోగ్‌ది కరీంనగర్. ‘సినిమాల్ల చేసింది చాలదారా, ఈడ గూడ మాకే తాగుబోతు వేషమా?’ అన్నాడు. డీఎం ఒక్క క్షణం ఆలోచించి, ఆ యాసని ఆ దేశపు రాణికి ఇచ్చాడు. ‘ఆగున్రి. ముందుగాల గా బురుజుల ఏమున్నదో సూసి రాన్రి’ అని ఆవిడ ఆజ్ఞాపిస్తే ఎదురు చెప్పాలనిపించలేదు. సత్రం ఆయన ఇప్పుడు స్కూల్లో పుస్తకం చదివినట్టు మాట్లాడతాడు.

ఇక డ్రాగన్ సంగతి. క్లెరిక్ దానితో బేరం మొదలుపెట్టింది. ‘మాకు దారి వదలండి. గనిలో నిధి దొరికితే మనం పంచుకుందాం.’ చక్కటి అబద్ధం. డ్రాగన్ రోగ్ వైపు తిరిగి ‘అంతేనా?’ అంది. వాడు ‘అంతే, నిధి దొరకంగనే మేం పంచుకుంటం’ అన్నాడు. మనం అనాల్సినచోట మేము అన్నాడు. మనం అంటే డ్రాగన్ కూడా లెక్కలో ఉంది, మేము అంటే లేదు. ఇంగ్లీషులో రెండూ ‘వీ’నే, ఎవరూ పట్టుకోలేరు. మా డీఎం పట్టుకున్నాడు. ‘క్లెరిక్, డిసెప్షన్ వెయ్యి. డిసడ్వాంటేజ్‌తో.’ ఆమెకి బోనస్ ఏమీ లేదు, 15 పడాలి. పైన చెప్పిన 9 శాతం అదే. 16, 4 పడ్డాయి. తక్కువదే తీసుకోవాలి కాబట్టి 4.

డ్రాగన్ విషపు పొగ ఊదింది. పరిగెత్తాం. ఫైటర్ పరిగెత్తలేదు. ‘తలుపు దగ్గర నేనుంటా, మీరు పోండి’ అన్నాడు. ఆ సాయంత్రం అప్పటిదాకా వాడు పది మాటలు కూడా మాట్లాడలేదు. రెండు రౌండ్లలో వాడి హిట్ పాయింట్లు సున్నాకి వచ్చాయి.

మొదటి తరం ఆటలో సున్నా అంటే చావే. ఆరంభ లెవెల్ మంత్రగాడికి ఒక్క పాచిక వేస్తే వచ్చినన్ని హిట్ పాయింట్లు, రోజుకి ఒక్క మంత్రం. పిల్లి గీరితే పోయేవాడు. ఇప్పటి రూల్‌లో సున్నాకి వస్తే స్పృహ తప్పుతుంది. ఆ తర్వాత ప్రతి వంతులో డీ20 వేయాలి. 10 లేదా పైన పడితే ఒక గెలుపు, కింద పడితే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములు ముందొస్తే పాత్ర చచ్చిపోతుంది. 20 పడితే లేచి కూర్చుంటాడు. ఈలోపు ఎవరైనా దగ్గరికి వెళ్ళి వైద్యం చేస్తే బతికినట్టే.

ఫైటర్ వేశాడు: 7. మళ్ళీ వేశాడు: 12. మళ్ళీ: 3. రెండు ఓటములు, ఒక గెలుపు. మెట్ల మీద లైట్ ఆరిపోతే ఎవరూ లేచి వెయ్యలేదు. క్లెరిక్ బయట సురక్షితంగా ఉంది, వెనక్కి రావాల్సిన పని లేదు. ‘నేను లోపలికి వెళ్తున్నా’ అంది. వాడిని భుజం పట్టుకుని బయటికి లాగింది. డ్రాగన్ ఇంకా ఆ బురుజులోనే ఉంది. మేము గెలవలేదు.

ఐదేళ్ళ తర్వాత తిరిగొస్తే మాకు మారకుండా కనిపించింది ఇదొక్కటే. కవచం లెక్కలు, గుణాల బోనస్‌లు, పుస్తకం అట్టలు మారాయి. బల్ల దగ్గర అడిగే ప్రశ్న 1974లో ఏదో ఇప్పుడూ అదే. మనల్ని ఎనిమిదో క్లాసు నుంచి అందరూ ‘ఎంత వచ్చింది?’ అనే అడుగుతున్నారు. దానికి జవాబు ఎప్పుడో అయిపోయిన పరీక్షలో ఉంటుంది, మార్చలేం. ‘ఇప్పుడేం చేస్తావ్?’ అనేదానికి జవాబు ఇంకా ఎక్కడా లేదు, మనం చెప్తేనే పుడుతుంది. ఆ సాయంత్రం మూడు గంటల్లో మా ఫైటర్‌ని ఎవరూ ర్యాంక్ అడగలేదు. అడగకూడదని అనుకోలేదు. అడగడానికి ఖాళీ లేదంతే. మర్నాడు వాడే గ్రూప్‌లోకి తిరిగొచ్చి డెత్ సేవ్స్ గురించి వాదన పెట్టుకున్నాడు.

మీరు మొదలుపెట్టాలంటే

కొత్తవాళ్ళకైనా, మాలా తిరిగొచ్చేవాళ్ళకైనా కొన్ని సంగతులు.

డీఎం కాక ముగ్గురు నుంచి ఐదుగురు ఉంటే సరిపోతుంది. ఆరు దాటితే ఒక్కొక్కరి వంతు రావడానికి మ్యాగీ చల్లారిపోతుంది.

ఎడిషన్ గురించి కొట్టుకోవద్దు. ఇంట్లో ఏ పుస్తకం ఉంటే దానితో ఆడండి. ఏమీ లేకపోతే ఉచితంగా దొరికే మూల నియమాలు చాలు. 2014 కథల్ని 2024 రూల్స్‌తో కూడా ఆడొచ్చు, మేము చేస్తున్నది అదే.

పాచికలు కొనక్కర్లేదు, ఫోన్లో యాప్‌లు ఉన్నాయి. లేదా రెండు లైన్ల కోడ్. అయినా బల్ల మీద దొర్లే పాచికని ఐదుగురూ ఊపిరి బిగపట్టి చూడటం వేరు. ఒక్క సెట్ ఉంటే అందరూ పంచుకోవచ్చు.

మొదటి రోజు ఆడకుండా మాట్లాడుకోండి. దీన్ని సెషన్ జీరో అంటారు. ఎలాంటి కథ కావాలి, ఏ విషయాలు వద్దు, వారానికి ఏ రోజు, ఏ భాష. తిరిగొచ్చేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ మధ్యలో ఎవరికి ఏం జరిగిందో మీకు పూర్తిగా తెలియదు.

డీఎంగా ఉండేవాళ్ళు నవల రాయక్కర్లేదు. ఒక చోటు, అక్కడ ఏదో కావాలనుకునే ఒక మనిషి, దారిలో ఒక అడ్డంకి. ఈ మూడూ ఉంటే ఒక సాయంత్రం గడుస్తుంది. చందమామలో బేతాళ కథలు చదివి ఉంటే మీ దగ్గర ఇప్పటికే పాతిక సాయంత్రాలకి సరిపడా సరుకుంది.

మా తర్వాతి సెషన్ సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక వచ్చే మొదటి శనివారం. గని ఇంకా దొరకలేదు. రోగ్ ఈసారి ‘మనం’ అనడం ప్రాక్టీస్ చేస్తున్నాడట.